కీ వాచీ, ఆటోమేటిక్ వాచీ సర్వీసింగ్: ఎప్పుడు చేయించాలి, ఎలా చేయించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాటరీ లేకుండా స్ప్రింగు బలంతో నడిచే వాచీల గురించి ఈ పేజీ. ఆ స్ప్రింగుకి చేత్తో కీ ఇచ్చేవి కీ వాచీలు, చేయి కదలికతో తామే కీ తీసుకునేవి ఆటోమేటిక్‌లు. మన ఇళ్లలో ఇవి ఎక్కువగా హెచ్‌ఎంటీలే: జనతా, పైలట్, కోహినూర్, సోనా, పెళ్లిలో పెట్టిన కాంచన్. ఈ మధ్య సీకో 5, టిస్సో, ఓరియెంట్ కొనుక్కుంటున్నవాళ్లూ పెరిగారు. జవాబులన్నీ ప్రధానంగా ఈ వాచీల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

వాచీ బాగానే నడుస్తోంది కదా, సర్వీసింగ్ ఎందుకు?

ఆయిల్ కోసం. అటూ ఇటూ ఊగుతూ టిక్‌టిక్ కొట్టే బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొన మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. జనతాలో ఆ బ్యాలెన్స్ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకి 4,32,000 సార్లు, ఏడాదికి పదిహేను కోట్లకు పైమాటే. ఇప్పటి స్విస్ వాచీల్లో చాలావాటి వేగం గంటకి 28,800. ఇంత పనికీ అక్కడ ఆధారం కంటికి సరిగ్గా ఆనని ఒక్క చుక్క ఆయిల్.

ఆ చుక్క ఏళ్లు గడిచేకొద్దీ ఆరిపోతుంది, లేదా జిగురు కడుతుంది, లేదా ఉండాల్సిన చోటు నుంచి పక్కకి పాకిపోతుంది. అప్పుడు ఇరుసు నుంచి రాలిన పొడి ఆ జిగురులో కలిసి, ఇరుసునే అరగదీయడం మొదలుపెడుతుంది. ఇంత జరుగుతున్నా వాచీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. కీ ఇస్తే చుట్టుకునే మెయిన్‌స్ప్రింగులో అవసరానికి మించిన బలం ఉంటుంది కాబట్టి ఆ రాపిడినంతా అది నెట్టుకొస్తుంది. చివరికి ఆగిపోయే రోజుకి లోపల ఒకటో రెండో భాగాలు మార్చాల్సిన స్థితికి వచ్చేస్తాయి.

హెచ్‌ఎంటీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. అప్పట్లో మిగిలిన స్టాకు, పాడైన వాచీల నుంచి తీసిన భాగాలు, ఇవే ఇప్పుడు దొరికే స్పేర్లు. అరిగిన చక్రం మార్చాలంటే ఇంకో వాచీని బలివ్వాలి. అందుకే ఆగేదాకా చూడొద్దని ఇంత గట్టిగా చెప్పడం.

ఎన్నేళ్లకోసారి చేయించాలి?

ఒమేగా 5 నుంచి 8 ఏళ్లకోసారి అంటుంది. రోలెక్స్ దాదాపు పదేళ్లంటుంది. పాత తరం మెకానిక్కుని అడిగితే రెండు మూడేళ్లకోసారి అంటారు. వాళ్ల కాలంలో వాడిన ఆయిల్స్ త్వరగా చిక్కబడేవి, వాచీల్లోకి దుమ్ము కూడా సులువుగా వెళ్లేది. కాబట్టి ఆ రోజులకి ఆ మాట సరైనదే. ఇప్పటి సింథటిక్ ఆయిల్స్ అంతకంటే చాలాకాలం నిలుస్తాయి.

నా లెక్క ఇది. రోజూ పెట్టుకునే హెచ్‌ఎంటీ కీ వాచీకి ఐదేళ్లు. పాత కేసుల్లో గాస్కెట్ (దుమ్మునీ తేమనీ ఆపే రింగు) గట్టిపడి పోయి ఉంటుంది, కీ పక్కనుంచి చెమట, దుమ్ము లోపలికి వెళ్తుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రోజూ పెట్టుకునేవాళ్లు నాలుగేళ్లకే ఒకసారి వెనక మూత తీయించి చూపించుకోవడం మంచిది. గట్టిగా బిగిసే కేసున్న కొత్త సీకో, టిస్సో లాంటివాటికి ఏడెనిమిదేళ్ల దాకా తొందర లేదు, టైము బాగా చూపిస్తున్నంత వరకూ.

క్యాలెండర్ ఒక్కటే చూసి నిర్ణయించొద్దు. మూడేళ్లకే నడక పాడైతే అప్పుడే తీసుకెళ్లాలి. చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేశారో తెలియని వాచీ అయితే ఎప్పుడూ చేయలేదనే అనుకోవాలి.

సర్వీసింగ్‌కి వచ్చిందని ఇంట్లోనే ఎలా తెలుస్తుంది?

ఒక కాగితం, ఫోన్లో టైము ఉంటే చాలు. పొద్దున ఎనిమిదింటికి ఫుల్ కీ ఇచ్చి, ఫోన్ టైముకీ వాచీకీ ఎన్ని సెకన్ల తేడా ఉందో రాసుకోండి. వాచీని సరిచేయక్కర్లేదు, తేడా రాసుకుంటే సరిపోతుంది. మర్నాడు కీ ఇచ్చే ముందు, అదే సమయానికి మళ్లీ రాయండి. వారం రోజులు ఇలా చేస్తే వాచీ తీరు తెలిసిపోతుంది.

రోజుకి ఇరవై సెకన్లు ముందుకి పోయే వాచీ, వారమంతా అదే ఇరవైకి అటూ ఇటూగా పోతుంటే ఆరోగ్యంగానే ఉన్నట్టు. దాన్ని సర్దుబాటు చేస్తే చాలు. ఒకరోజు పది ముందుకి, మర్నాడు నలభై వెనక్కి, ఆ మర్నాడు ఇంకోలా ఉంటే లోపల ఏదో పట్టేస్తోంది. తేడా ఎంతుందన్నదాని కంటే ఆ తేడా నిలకడగా ఉందా లేదా అన్నదే అసలు విషయం.

రెండోది, ఫుల్ కీ ఇచ్చాక ఎన్ని గంటలు నడుస్తోంది? బాగున్న కీ వాచీ ఒకటిన్నర రోజు దాటి నడవాలి. పొద్దున ఇచ్చిన కీ మర్నాడు పొద్దున్నకే అయిపోతోందంటే ఆయిల్ ఎండింది, లేదంటే మెయిన్‌స్ప్రింగు నీరసించింది.

మూడోది, రాత్రి వాచీని ఎలా పెడుతున్నారో మార్చి చూడండి. ఒక రాత్రి డయల్ పైకి, ఒక రాత్రి కీ కిందికి. పడుకోబెడితే బాగా నడిచి, నిలబెడితే నిమిషాలు వెనకబడితే బ్యాలెన్స్ దగ్గర ఆయిల్ అయిపోయిందని అనుమానించాలి. కీ తిప్పేటప్పుడు గరగరలాడినా, మధ్యలో జారినట్టు అనిపించినా, ముళ్లు తిప్పుతుంటే మరీ వదులుగానో బిగుసుగానో ఉన్నా అదీ చెప్పుకోవాల్సిన లక్షణమే. ఆటోమేటిక్‌లో రోటర్ (చేయి కదిలితే తిరిగి స్ప్రింగుకి కీ ఇచ్చే పలక) తిరిగే సద్దు మామూలే. అది మూతకి రాసుకుంటున్నట్టు వినిపిస్తే మాత్రం వెంటనే చూపించాలి. లేదంటే రాలిన పొడి మెషినంతా పరుచుకుంటుంది.

ఎంత తేడా ఉంటే మామూలు?

స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కి సగటున రోజుకి 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి మించకూడదు. పాత సీకో 5లో ఉండే 7ఎస్26 మెషిన్‌కి కంపెనీ చెప్పిన హద్దు 20 వెనక్కి, 40 ముందుకి. నలభై ఏళ్ల హెచ్‌ఎంటీ సర్వీస్ అయ్యాక అర నిమిషం లోపల ఉంటే సంతోషించాలి. చేయి తిరిగిన మెకానిక్ పదిహేను సెకన్ల లోపలికి కూడా తెస్తారు.

నిన్నటిదాకా బాగున్న వాచీ ఇవాళ గంటకి నిమిషం ముందుకి పోతోంది. సర్వీస్ చేయించాలా?

తొందరపడొద్దు. ముందు అయస్కాంతం పట్టిందేమో చూడండి. బ్యాలెన్స్‌ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగు చుట్లు అయస్కాంతమై ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచీ పరుగందుకుంటుంది. బ్లూటూత్ స్పీకర్, ట్యాబ్లెట్ కవర్, హ్యాండ్‌బ్యాగు బటన్, ల్యాప్‌టాప్ స్పీకర్ల పక్కన రాత్రంతా పెట్టడం, ఇవే సాధారణంగా కారణాలు. పిల్లలు స్కూలుకి తీసుకెళ్లే మామూలు దిక్సూచిని వాచీకి దగ్గరగా జరపండి. ముల్లు కదిలితే అనుమానం బలపడినట్టే. అయస్కాంతం తీసే డీమ్యాగ్నటైజర్ ఉన్న షాపులో నిమిషాల్లో అయిపోయే పని ఇది. దీనికోసం పూర్తి సర్వీస్ చేయాలని ఎవరైనా అంటే ఇంకో చోట అడగండి.

అయస్కాంతం తీశాక కూడా అలాగే పరిగెడుతుంటే స్ప్రింగుకి ఆయిల్ అంటిందో, కిందపడినప్పుడు చుట్లు చిక్కుపడ్డాయో చూడాలి. అప్పుడు వాచీ విప్పక తప్పదు.

కీ ఎక్కువ ఇచ్చేశాను, అందుకే ఆగిపోయిందంటున్నారు. నిజమేనా?

కాదు. కీ ఆగేదాకా ఇవ్వడానికే ఆ స్ప్రింగుని తయారుచేశారు. ఆగాక బలవంతం చేస్తే ఏదో ఒకటి విరుగుతుంది గానీ, కీ నిండుగా ఉండటం వల్ల ఏ వాచీ ఆగదు. నిండుగా కీ ఉండి కూడా నడవడం లేదంటే స్ప్రింగు బలం చక్రాల చివరిదాకా చేరడం లేదన్నమాట. ఆయిల్ ఎండిపోయిన వాచీ లక్షణమే అది. రోజూ ఒకే సమయానికి, పొద్దున్నే, కీ బిగిసేదాకా ఇవ్వండి.

ఆటోమేటిక్ వాచీ రాత్రికి ఆగిపోతోంది. పాడైందా?

రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి, పెద్దవయసువాళ్లకి ఇది ఎక్కువ. చేయి కదలకపోతే స్ప్రింగు నిండదు. చేత్తో కీ ఇవ్వగలిగే మెషిన్ అయితే ముప్పై నలభై చుట్లు తిప్పి బల్లమీద పెట్టి ఎన్ని గంటలు నడుస్తుందో చూడండి. సీకో 4ఆర్36, ఎన్‌హెచ్35 అయితే 40 గంటల దరిదాపుల్లో నడవాలి. అన్ని గంటలూ నడిస్తే మెషిన్ బాగున్నట్టే, కదలికే చాలడం లేదు. పాత సీకో 5లో ఉండే 7ఎస్26కి చేత్తో కీ ఇవ్వడం కుదరదు. దాన్ని బాగా తిరిగిన రోజు చూసి పరీక్షించాలి.

నాన్నగారి వాచీ ఇరవై ఏళ్లుగా బీరువాలో ఉంది. కాస్త కదిపితే నడిచింది. పెట్టుకోవచ్చా?

నాలుగు క్షణాలు నడిపించి చూసింది చాలు, ఇక ఆపేయండి. ఇరవై ఏళ్లలో ఆయిల్ పూర్తిగా గోధుమరంగు పూతలా మారి ఉంటుంది. ఆ స్థితిలో రోజూ పెట్టుకుంటే, వాడకుండా ఉంచిన ఇరవై ఏళ్లలో జరగని నష్టం ఇరవై రోజుల్లో జరుగుతుంది. కీ ఇవ్వకుండా, దుమ్ము తగలకుండా ఒక చిన్న డబ్బాలో పెట్టి, మంచి మెకానిక్ దొరికాకే బయటికి తీయండి.

తీసుకెళ్లే ముందు వాచీని నాలుగు వైపులా ఫోటోలు తీసిపెట్టుకోండి. డయల్, ముళ్లు, కీ, వెనక మూత మీది నంబరు. ఇంటి పెద్దల వాచీ విషయంలో మెకానిక్కుకి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: డయల్‌కి రంగు వేయొద్దు, కేసు పాలిష్ పట్టొద్దు, ముళ్లు మార్చొద్దు, మార్చిన ప్రతి పాత భాగమూ తిరిగి ఇవ్వాలి. డయల్ మీది ఆ పసుపు మరక, ముల్లు మీది ఆ చుక్క పోతే అది మీ నాన్నగారి వాచీ అని మీరే గుర్తుపట్టలేరు. కొత్తగా మెరిసేలా చేస్తానని మెకానిక్ మంచి మనసుతోనే అంటారు. అయినా వద్దనండి.

గీతలుపడ్డ గ్లాస్ సంగతి వేరు. జనతా లాంటివాటికి ఉండేది ప్లాస్టిక్ గ్లాస్. పాలిష్ చేస్తే చాలావరకు గీతలు పోతాయి, పగిలితే మార్చేయొచ్చు.

వాచీలోకి నీళ్లు వెళ్లాయి. ఏం చేయాలి?

ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు "ఇవాళే". గ్లాస్ లోపల ఆవిరి పట్టినా అంతే. బియ్యంలో పెట్టడం, ఎండలో ఆరబెట్టడం, హెయిర్ డ్రయర్ పెట్టడం వల్ల ఆవిరి కంటికి కనపడకుండా పోతుంది గానీ తేమ లోపలే ఉంటుంది. సన్నని స్టీలు భాగాలకి ఒకట్రెండు రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది. కీ తిప్పకుండా, దగ్గర్లో ఎవరు తెరిచి ఉంటే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మూత తీయించండి. పూర్తి సర్వీస్ తర్వాత మీకు నచ్చినవాళ్ల దగ్గర చేయించుకోవచ్చు. సముద్రపు నీళ్లయితే గంటలే లెక్క.

పాత హెచ్‌ఎంటీలు పెట్టుకుని చేతులు కడుక్కునేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలి. డయల్ మీద పారాషాక్ అని రాసి ఉండటం కిందపడినా బ్యాలెన్స్ ఇరుసు విరక్కుండా చేసిన ఏర్పాటు గురించి. నీళ్లకీ దానికీ సంబంధం లేదు.

అసలు సర్వీసింగ్ అంటే ఏమేం చేయాలి?

వెనక మూత తీసి, మెషిన్ని బయటికి తీసి, ముళ్లూ డయల్ వేరుచేస్తారు. ముందు స్ప్రింగులో మిగిలిన బలాన్ని నెమ్మదిగా వదిలేయాలి. ఆ తర్వాత బ్యాలెన్స్, ప్యాలెట్ (బ్యాలెన్స్‌కీ చక్రాలకీ మధ్య ఉండే చిన్న లీవరు), చక్రాలు, మెయిన్‌స్ప్రింగు ఉండే బ్యారెల్, కీ వైపు ఉండే చిన్న లీవర్లు, ఇలా ప్రతి భాగమూ విడదీయాలి. బ్యాలెన్స్ పైనా కిందా షాక్ స్ప్రింగు కింద ఉండే బుల్లి జ్యుయెల్స్ (ఇరుసులు తిరిగే రాళ్లు) కూడా బయటికి రావాలి. మొత్తం శుభ్రం చేసి, లెన్స్ కింద ఒక్కొక్కటీ చూసి, అరిగినవి మార్చి, మళ్లీ కూర్చి, ఆయిల్ పెట్టి, నడకని కొలిచే మిషన్ మీద రేటు (రోజుకి ఎన్ని సెకన్ల తేడా అన్నది) సర్దాలి.

లెన్స్ కింద ఏం కనిపిస్తుందో చెబుతాను, మెకానిక్ చూపిస్తానంటే తప్పకుండా చూడండి. ఎర్రటి జ్యుయెల్ మధ్యలో చిన్న గిన్నెలాంటి పల్లం, ఆ పల్లం మధ్యలో ఇరుసు కొన. సరిగ్గా ఆయిల్ పెట్టిన చోట ఇరుసు చుట్టూ సన్నటి మెరిసే వలయం ఉంటుంది, పల్లం అంచు దాకా రాదు. ఎండిపోయిన చోట అదే వలయం గోధుమరంగు గారలా అంటుకుని కనిపిస్తుంది. 17 జ్యుయెల్స్ వాచీలో సాధారణంగా బ్యారెల్‌కి రాయి ఉండదు, ఇత్తడి ప్లేటులోనే తిరుగుతుంది. ఏళ్లతరబడి సర్వీస్ లేని వాచీలో ఆ రంధ్రం చుట్టూ నల్లటి ముద్ద, దాన్ని తుడిస్తే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం ఒకవైపు సాగి కోలగా కనిపిస్తాయి. అప్పుడు బ్యారెల్ ఒరిగి పక్క చక్రానికి తగులుతుంది. శుభ్రం చేసినంత మాత్రాన ఆ వాచీ బాగుపడదు.

ఆయిల్ అన్ని చోట్లా ఒకటే కాదు. బ్యాలెన్స్‌కి, వేగంగా తిరిగే చివరి చక్రాలకి పలచటిది, నెమ్మదిగా తిరిగే పెద్ద చక్రాలకి చిక్కటిది, కీ వైపు లీవర్లకి గ్రీజు, ప్యాలెట్ రాళ్ల కొనలకి ఇంకో రకం. ఆటోమేటిక్ వాచీ బ్యారెల్ లోపలి గోడకి ప్రత్యేకమైన గ్రీజు కావాలి. స్ప్రింగు నిండాక కాస్త జారనివ్వాలి, మరీ జారిపోనివ్వకూడదు. ప్యాలెట్ ఇరుసులకి, చక్రాల పళ్లకి, హెయిర్‌స్ప్రింగుకి అసలు ఆయిల్ తగలకూడదు. వాచీల పనిలో మెబియస్ కంపెనీ ఆయిల్స్ పేరున్నవి. ఏ ఆయిల్ వాడతారని అడిగితే 9010, 9415 లాంటి నంబర్లు వెంటనే చెప్పేవాళ్ల మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మా ఊరి షాపులో అరగంటలో ఆయిలింగ్ చేసి ఇస్తామన్నారు. చేయించొచ్చా?

వద్దు. అరగంటలో అయ్యేది మూత తీసి, మెషిన్ని ఉన్నపళంగా పెట్రోల్లో ముంచి, ఆరబెట్టి, పైపైన నాలుగు చుక్కలు వేయడం. పాత జిగురు కరిగి ఒక చోట నుంచి ఇంకో చోటికి చేరుతుంది. ఆ రోజుకి వాచీ చురుగ్గా నడుస్తుంది, కొన్ని నెలలకి మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా ఆ మట్టి కలిసిన ఆయిల్ ఇరుసుల్ని కోసేస్తుంది.

పెట్రోల్ వాడటమే తప్పని నేననడం లేదు. మన ఊళ్లలో మంచి పనివాళ్లు చాలామంది వైట్ పెట్రోల్, మెత్తటి బ్రష్‌తోనే అద్భుతంగా శుభ్రం చేస్తారు. భాగాలన్నీ విడదీశారా లేదా అన్నదే తేడా. స్పిరిట్ సంగతి మాత్రం చెప్పాలి: ప్యాలెట్ రాళ్లని లక్కతో అతికిస్తారు, స్పిరిట్‌లో ఆ లక్క కరిగిపోతుంది.

టైమ్‌గ్రాఫర్ (టిక్‌టిక్ విని వాచీ నడకని కొలిచే మిషన్) చీటీలో మూడు అంకెలు ఇచ్చారు. ఏది చూడాలి?

రేటు అంటే రోజుకి ఎన్ని సెకన్ల తేడా. బీట్ ఎర్రర్ అంటే టిక్‌కీ టాక్‌కీ మధ్య అసమానత. ఒక మిల్లీసెకను లోపల ఉంటే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. అసలు చూడాల్సింది ఆంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోంది అన్నది. ఫుల్ కీ మీద, డయల్ పైకి పెట్టినప్పుడు మంచి వాచీలో అది 270 నుంచి 310 మధ్య ఉంటుంది. పాత హెచ్‌ఎంటీకి 240 దాటితే నేను తృప్తిపడతాను. నిలబెట్టినప్పుడు ఇరవై ముప్పై డిగ్రీలు తగ్గడం సహజం. ఫుల్ కీ మీద కూడా 200 చేరకపోతే సర్వీసింగ్ వాయిదా వేయొద్దు.

ఆ మిషన్‌లో లిఫ్ట్ యాంగిల్ అనే అంకె మీ మెషిన్‌కి తగ్గట్టు పెట్టాలి. సాధారణంగా 52 మీద వదిలేస్తారు, సీకోకి 53. ఇది తప్పైతే ఆంప్లిట్యూడ్ కూడా తప్పే. ఫోన్ యాప్‌లు రేటు బాగానే చెబుతాయి, ఆంప్లిట్యూడ్‌కి వాటిని నమ్మొద్దు.

కంపెనీ సర్వీస్ సెంటరా, బయటి మెకానిక్కా?

గ్యారంటీలో ఉన్న ఏ వాచీ అయినా కంపెనీకే. టిస్సోలో వచ్చే పవర్‌మాటిక్ 80 మెషిన్ గ్యారంటీ అయిపోయాక కూడా కంపెనీకే ఇవ్వమంటాను. అందులో రేటు సర్దే మామూలు లీవరు ఉండదు, కొన్ని రకాల్లో ఎస్కేప్‌మెంట్ (చక్రాల నడకని ఆపి ఆపి వదిలే ఏర్పాటు) భాగాలు సింథటిక్‌వి. బయట దాన్ని విప్పి సర్దడం కష్టం. లోతు నీళ్లలోకి దిగే డైవింగ్ వాచీలకి ప్రెషర్ టెస్ట్ సదుపాయం ఉన్న చోటే కావాలి.

హెచ్‌ఎంటీ, హైదరాబాద్ ఆల్విన్, పాత సీకో, పాత స్విస్ కీ వాచీలకి అనుభవమున్న బయటి మెకానిక్కే సరైన మనిషి. హెచ్‌ఎంటీ కీ వాచీల్లో బాగా కనిపించే 0231 మెషిన్ జపాన్ సిటిజన్ డిజైన్. ఈ తరం మెకానిక్కులు కొన్ని వందలసార్లు విప్పి బిగించి ఉంటారు, చిన్న పెట్టెల్లో పాత స్పేర్లు దాచుకుని ఉంటారు. ఆ పెట్టెలు కూడా పనితనంలో భాగమే.

మెకానిక్ మంచివారో కాదో ఎలా తెలుసుకోవాలి?

షాపు ఎంత పెద్దదన్నది చూడొద్దు, బల్ల చూడండి. విప్పిన వాచీలు గాజు మూతల కింద ఉన్నాయా, గాలికి తెరిచి ఉన్నాయా? స్క్రూడ్రైవర్ కొనలు పదునుగా, చక్కగా ఉన్నాయా? ఇదివరకు ఆయన చేసిన మెషిన్ ఒకటి చూపించమనండి. స్క్రూల గాడుల మీద గీతలు, ప్లేటు మీద చారలు ఉంటే తొందర చేయి అని అర్థం.

తర్వాత అడగండి: పూర్తిగా విప్పుతారా? మెయిన్‌స్ప్రింగు బయటికి తీస్తారా, అవసరమైతే కొత్తది దొరుకుతుందా? ముందూ వెనకా టైమ్‌గ్రాఫర్ రీడింగ్ ఇస్తారా? ఎన్ని నెలల గ్యారంటీ? పదిరోజులైనా తన దగ్గర ఉంచుకుంటానని, రోజూ చూసి సర్దుతానని చెప్పేవాళ్లని ఎంచుకోండి. వీళ్లతో బేరం ఆడొద్దని నా మనవి. ఒక కీ వాచీని శ్రద్ధగా చేయడానికి చాలా గంటల పని పడుతుంది, ఆ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో చాలా తక్కువ.

సీకో 5 సర్వీస్ చేయించడం కంటే కొత్త మెషిన్ వేయించడం చవకంటున్నారు.

చాలాసార్లు నిజమే. ఎన్‌హెచ్36 లాంటి మెషిన్ విడిగా దొరుకుతుంది, 7ఎస్26 ఉన్న కేసుల్లో చాలావాటికి సరిపోతుంది. కీ కాడ మార్చుకోవాలి, చేత్తో కీ ఇచ్చుకునే సౌకర్యం అదనంగా వస్తుంది. మామూలుగా వాడుకునే వాచీకి ఇది మంచి దారి. మొదటి జీతంతో కొన్నదో, ఎవరైనా ఇచ్చిందో అయితే సర్వీసే చేయించండి. మార్పించినా పాత మెషిన్ అడిగి తెచ్చుకోండి.

ఆన్‌లైన్‌లో సర్వీస్ చేసిన హెచ్‌ఎంటీ అని అమ్ముతున్నారు. మళ్లీ చేయించాలా?

చేయించాలి. చవకగా అమ్మే వాటిలో చాలావరకు కొత్తగా ప్రింట్ చేసిన డయల్, ఏదో ఒక కేసు, దొరికిన భాగాలతో కూర్చిన మెషిన్ ఉంటాయి. హెచ్‌ఎంటీ ఎప్పుడూ వేయని రంగుల డయల్స్, వంకర అక్షరాలు కనిపిస్తే కొనొద్దు. కొనే ధరకి సర్వీసింగ్ ఖర్చు కలుపుకుని, ఆ మొత్తానికి ఆ వాచీ కావాలా అని ఆలోచించండి.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ హెచ్‌ఎంటీ ఎవరూ తీసుకోవడం లేదు.

స్పేర్లు దొరకవని వాళ్ల భయం. సిటిజన్ డిజైన్ మెషిన్ అని చెప్పి, ఇండియా నుంచి తెప్పించిన అదే మెషిన్ ఇంకోటి స్పేర్‌గా ఇస్తామంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. లేకపోతే ఇంటికి వచ్చినప్పుడు తెచ్చుకోండి. దిగిన మొదటి వారంలోనే మెకానిక్కుకి ఇస్తే, సర్ది, నాలుగు రోజులు చూసుకుని వెళ్లేందుకు సమయం ఉంటుంది. ప్రయాణంలో చేతి సంచిలోనే పెట్టుకోండి.

వాచీ తిరిగి తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

వెలుతురులో గ్లాస్ లోపల దుమ్ము రేణువులు, వేలిముద్రలు ఉన్నాయేమో. ముళ్లు సరిగ్గా పన్నెండు మీద కలుస్తున్నాయా, ఒకదానికొకటి తగలకుండా చుట్టంతా తిరుగుతున్నాయా? తేదీ ఉంటే అర్ధరాత్రికి అటూ ఇటూగా మారాలి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు మధ్య తేదీని కీతో మార్చొద్దు. అప్పుడు తేదీ చక్రాన్ని పళ్లు పట్టుకుని ఉంటాయి, విరిగే ప్రమాదం ఉంది. ఇంటికొచ్చాక వారం రోజుల లెక్క మళ్లీ రాయండి, పాత కాగితంతో పోల్చండి. తేడా తేలితే గ్యారంటీ ఉండగానే ఆ కాగితంతో సహా తీసుకెళ్లండి. కొత్తగా సర్వీస్ అయిన వాచీకి మొదటి నెలలో ఒకసారి రేటు సర్దాల్సి రావడం మామూలే.

నేనే నేర్చుకుని చేసుకోవచ్చా?

తప్పకుండా. అందరూ నేర్చుకోవాలని కోరుకుంటాను. ఇంట్లోవాళ్ల వాచీతో మాత్రం మొదలుపెట్టొద్దు. నడవని 0231 మెషిన్లు రెండు మూడు కొనండి, ఇవి నేర్చుకోవడానికి బాగుంటాయి: క్యాలెండర్ లేదు, భాగాలు కాస్త పెద్దవి, పాడైతే ఇంకోటి దొరుకుతుంది. మంచి స్క్రూడ్రైవర్లు, ఒక జత మంచి ట్వీజర్లు, కంటికి పెట్టుకునే లెన్స్, మెషిన్ పట్టుకునే హోల్డర్ ముందు కావాలి. చవక ట్వీజర్లు కొని భాగాలు ఎగరగొట్టుకోవద్దు.

మొదట విప్పి, ప్రతి దశలో ఫోటో తీసి, ఆయిల్ లేకుండానే మళ్లీ బిగించండి. అదే మెషిన్ని పదేపదే చేయండి. స్క్రూ తిప్పే ముందు స్ప్రింగు బలం వదిలారా అని ప్రతిసారీ చూసుకోండి, లేకపోతే ప్యాలెట్ తీయగానే చక్రాలన్నీ ఒక్కసారిగా తిరిగి పళ్లు పోతాయి. శుభ్రం చేయడం, ఆయిల్ పెట్టడం ఆ తర్వాత. హెయిర్‌స్ప్రింగు జోలికి అన్నిటికంటే చివర వెళ్లండి. 1960ల ముందు నాటి వాచీల్లో చీకట్లో వెలిగే ముళ్లు, అంకెలు ఉంటే వాటి మీద నిజమైన రేడియం ఉండొచ్చు. వాటిని గోకకండి, ఊదకండి, ఆ వాచీని తెలిసినవాళ్లకే వదిలేయండి.